డిమాండ్ ఉన్న పనికి జమానతు ఎవరు?

ఉత్తర తెలంగాణలోని ఖానాపూర్, నిర్మల్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ఆర్మూర్ ప్రాంతాల్లో వలస ప్రస్తావన వస్తే చాలు, ఒకే అభిప్రాయం పదే పదే వినిపిస్తుంది. జాబ్ మేళాలో అధికారి అదే అంటాడు. ఎన్నికల సభలో నాయకుడు అదే అంటాడు. చదువుకున్నవాళ్లూ అదే నమ్ముతారు. ఆ అభిప్రాయం సారం ఇది: మన పిల్లలు గల్ఫ్‌లో గోస పడుతున్నది చేతిలో పని లేకుండా పోతున్నందుకే. వట్టి లేబర్‌గా పోయినవాడికి ఎండ, అప్పు, అవమానం తప్పవు. అదే వెల్డింగో, ప్లంబింగో, ఏసీ మెకానిక్ పనో, నర్సింగో, బయట గిరాకీ ఉన్న పని ఏదో ఒకటి నేర్పించి పంపితే జీతం పెరుగుతుంది, ఏజెంట్ ఆటలు సాగవు, ఇల్లు నిలబడుతుంది. కాబట్టి ఏ దేశంలో ఏ పనికి డిమాండ్ ఉందో తెలుసుకుని నేర్పడం ప్రభుత్వం వంతు, నేర్చుకోవడం యువకుడి వంతు.

ఈ వాదనలో నిజం లేకపోలేదు. ఒకే సైటులో హెల్పర్‌కూ స్టీల్ ఫిక్సర్‌కూ జీతంలో తేడా ఉంటుంది, పైపు వెల్డర్‌కు ఇంకా ఎక్కువ వస్తుంది. 2023 నవంబర్‌లో ఇజ్రాయెల్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం షట్టరింగ్, ఐరన్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనివాళ్లకు నెలకు సుమారు లక్షా 37 వేల రూపాయల జీతం ప్రకటించారు. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. పని రానివాడికి ఆ జీతం ఎవరూ ఇవ్వరు. పని నేర్చుకోవడం మంచిదా కాదా అన్నది ఇక్కడ తగాదా కాదు. వలస కార్మికుడి కష్టానికి మూలం అతని చేతిలో పని లేకపోవడమేననీ, ఆ లోటు తీరితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయనీ చెప్పే మాటే తప్పు. అది లెక్కకు నిలవదు. పైగా, జవాబు చెప్పాల్సినవాళ్లందరినీ తప్పించి తప్పంతా పోయినవాడి నెత్తిన పెడుతుంది.

1. జాబితా ఎవరి అవసరం కోసం?

డిమాండ్ ఉన్న వృత్తుల జాబితాను తయారు చేసేది పిలిచే దేశం. తన అవసరం కోసం రాసుకుంటుంది, తన అవసరం తీరగానే కొట్టేస్తుంది. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ చేసే కేర్ వర్కర్లను కొరత జాబితాలో చేర్చింది. తెలుగు రాష్ట్రాల నుంచి, కేరళ నుంచి ఎందరో లక్షలు పెట్టుకుని పోయారు. 2024 మార్చిలో ఆ వీసాపై వచ్చేవాళ్లు భార్యాపిల్లలను తెచ్చుకోరాదన్నారు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. అంటే ఆ గిరాకీ ఆయుష్షు మూడున్నరేళ్లు కూడా లేదు. మన దగ్గర జీఎన్ఎం కోర్సు మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఐటీఐలో ప్రధాన ట్రేడులు రెండేళ్లు. జాబితా చూసి కోర్సులో చేరిన పిల్ల పట్టా తీసుకునే నాటికి ఆ జాబితా ఉంటుందన్న పూచీ ఎక్కడా లేదు. కెనడాలోనూ ఇదే కథ. 2023లో లారీ డ్రైవర్ల వంటి రవాణా వృత్తులకు శాశ్వత నివాసం కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది మార్చిలో, చేతిలో ఉద్యోగ ఆఫర్ ఉన్నవాళ్లకు అదనంగా ఇచ్చే పాయింట్లనూ తీసేశారు.

జాబితా ఉన్నంత కాలమైనా అది కాపాడుతుందా అంటే అదీ లేదు. 2022 జూలై నుంచి 2024 డిసెంబర్ దాకా బ్రిటన్ ప్రభుత్వం 470కి పైగా కేర్ సంస్థల స్పాన్సర్ లైసెన్సులను రద్దు చేసింది. వాటితో ముడిపడిన కార్మికులు సుమారు 39,000 మంది. నిబంధన తప్పింది యజమాని. అరవై రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కో, లేదంటే దేశం విడిచిపో అన్న నోటీసు మాత్రం కార్మికుడికి వచ్చింది. వాళ్ల పని కొరత జాబితాలో ఉన్న పనే. అయినా యజమాని చేసిన తప్పుకు వాళ్లే రోడ్డున పడ్డారు.

ఇజ్రాయెల్ గిరాకీ ఎక్కడి నుంచి పుట్టిందో కూడా గుర్తుంచుకోవాలి. 2023 అక్టోబర్ 7 తర్వాత పాలస్తీనా కార్మికుల పర్మిట్లు రద్దు చేస్తే ఖాళీ అయిన సైట్లు అవి. యుద్ధం తెచ్చిన గిరాకీని నమ్ముకుని ఒక జిల్లా యువతకు శిక్షణ ప్రణాళిక వేయడం బాధ్యత గల ప్రభుత్వం చేయదగ్గ పని కాదు.

2. గిరాకీ పెరిగితే ముందుగా పెరిగేది ఏజెంట్ ధర

పని వచ్చినవాడిని ఏజెంట్ మోసం చేయలేడన్నది ఈ అభిప్రాయానికి పట్టుగొమ్మ. జరుగుతున్నది దీనికి తలకిందులు. ఏజెంట్ అమ్మే సరుకు వీసా. ఏ వీసాకు ఎక్కువ జీతం రాసి ఉంటే దానికి ఎక్కువ ధర పలుకుతుంది. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెన్సీ కార్మికుడి నుంచి తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఈ అంకె తెలియని ఏజెంట్ లేడు. ఊర్లలో తిరిగే సబ్ ఏజెంట్‌కైతే చట్టంలో గుర్తింపే లేదు. అయినా వసూళ్లు నడుస్తున్నది అతని చేతి మీదుగానే. హెల్పర్ వీసాకు ఒక రేటు, ట్రేడ్ వీసాకు ఇంకో రేటు, యూరప్ అంటే మరో రేటు. యువకుడు రెండేళ్లు కూర్చుని నేర్చుకున్న పనికి వచ్చే అదనపు జీతంలో పెద్ద భాగం ఇలా ముందుగానే ఏజెంట్ జేబులోకి పోతుంది. ఆ పైసలు నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి కాబట్టి అప్పు తీరే గడువు ఇంకా జరుగుతుంది.

నర్సుల అనుభవం చాలు దీనికి సాక్ష్యం. ప్రపంచంలో ఏ జాబితా తీసినా మొదటి వరుసలో ఉండే వృత్తి అది. చదువు, లైసెన్సు, ఇంగ్లీషు, అనుభవం అన్నీ ఉన్నవాళ్లు. కువైట్ ఆసుపత్రుల నియామకాల్లో వేలల్లో తీసుకోవాల్సిన చోట వాళ్ల నుంచి లక్షలు గుంజుతున్నారని బయటపడటంతో కేంద్రం 2015లో కలగజేసుకుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కట్టడి చేయాల్సి వచ్చింది. నైపుణ్యమే కవచమైతే ఆ కట్టడి అవసరం పడేది కాదు. అందరికంటే ఎక్కువ గిరాకీ ఉన్నవాళ్లే అందరికంటే ఎక్కువ దోపిడీకి గురయ్యారు. ఆపింది ప్రభుత్వ ఉత్తర్వు.

3. పని వచ్చినవాళ్లకూ జీతం ఎగ్గొట్టారు

2016లో సౌదీ ఓజర్ కంపెనీ సంక్షోభంలో కూరుకుపోయింది. రాజభవనాలు కట్టిన పెద్ద కంపెనీ అది. నెలల తరబడి జీతాలు ఆపేసింది. ఆ ఏడాది జూలై చివర్లో వేలాది మంది భారతీయులు జెద్దాలో తిండికి లేక అల్లాడుతుంటే మన కాన్సులేట్ వాళ్లకు తిండి గింజలు పంచింది, విదేశాంగ సహాయ మంత్రి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. హెల్పర్ నుంచి ఇంజనీర్ దాకా అందరూ అందులో ఉన్నారు. ఆ కంపెనీలో పనిచేసిన ఫ్రాన్స్ దేశస్తులకూ జీతాలు రాలేదు. కంపెనీ పైసలు ఇవ్వనన్నప్పుడు ట్రేడ్ సర్టిఫికెట్ చూసి ఇవ్వదు. జీతం బాకీ వసూలుకు కోర్టు ఎంత త్వరగా పలుకుతుంది, కేసు నడిచే దాకా కార్మికుడు అక్కడ ఎలా బతుకుతాడు, కఫీల్ (స్పాన్సర్ యజమాని) అనుమతి లేకుండా ఇంకో చోట పనికి చేరగలడా అన్నవే అప్పుడు తేల్చే ప్రశ్నలు. ఈ మూడింటికీ వెల్డింగ్ క్లాసులో జవాబు దొరకదు.

2018లో కువైట్ ఇంకో పాఠం చెప్పింది. ఇంజనీర్ల అకామా (నివాస అనుమతి) పునరుద్ధరణకు అక్కడి ఇంజనీర్ల సంఘం ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. భారతీయుల విషయంలో మన జాతీయ అక్రిడిటేషన్ బోర్డు (ఎన్‌బీఏ) గుర్తింపు ఉన్న కోర్సు చదివిన డిగ్రీలకే ఆ ధ్రువీకరణ అన్నారు. ఏళ్ల తరబడి అక్కడ ఇంజనీర్లుగా పనిచేస్తున్నవాళ్లు ఒక్క నిబంధనతో ఇంజనీర్లు కాకుండా పోయారు. వాళ్ల పనిలో తేడా రాలేదు, అనుభవం తరిగిపోలేదు. సౌదీలో ఇప్పుడు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ట్రేడులకు ఆ దేశమే మన నేల మీద పరీక్ష పెట్టి, పాసైతేనే వీసా ఇస్తోంది. మన ఐటీఐ సర్టిఫికెట్ విలువను కట్టేది కూడా అవతలి దేశమేనన్న మాట. ఆ పైన సౌదీ తన పౌరులకు కొలువులు కేటాయిస్తూ పోతున్న తీరు చూడండి. ఇంజనీరింగ్ ఉద్యోగాల్లో 2021లో 20 శాతం, 2024లో 25 శాతం వాటా వాళ్లకే అన్నారు. స్థానికులు కోరుకునే కొలువులు ఇవే కాబట్టి కోత ముందుగా పడేది ఇక్కడే. ఎండలో కాంక్రీట్ మోసే పనిలో ఆ పోటీ లేదు. నైపుణ్యం మెట్టు ఎక్కేకొద్దీ భద్రత పెరుగుతుందన్న లెక్క గల్ఫ్‌లో తప్పడానికి కారణం ఇదే.

ఇక మన ప్రభుత్వమే చేసిన పని. 2020 సెప్టెంబర్‌లో, కరోనా కాలంలో, గల్ఫ్ దేశాలకు పోయే కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను, అంటే వాళ్లను పంపడానికి అనుమతించే కనీస జీతాలను, కేంద్ర విదేశాంగ శాఖ 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగాలు పోకుండా ఉండేందుకే అని సమర్థించుకుంది. మేస్త్రీకి, కార్పెంటర్‌కు చేతిలో ఉన్న పని అంతకు ముందు నెలలో ఎంతో ఆ నెలలోనూ అంతే. కాగితం మీద జీతం మాత్రం సగం దాకా తగ్గింది. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలు పోరాడి, హైకోర్టు మెట్లెక్కిన తర్వాత 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. జీతాన్ని తేల్చేది నైపుణ్యం ఒక్కటే అని వాదించేవాళ్లు ఆ నెలలకు ఏ వివరణ ఇస్తారు?

దీనికి ఎదురుగా ఖతార్‌ను చూడాలి. 2020లో అక్కడ యజమాని ఎన్‌వోసీ లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించారు. 2021 మార్చి నుంచి అన్ని పనులకూ, ఇంటి పనివాళ్లతో సహా, నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం, తిండి, వసతి ఇవ్వకుంటే వాటికి వేరుగా 800 రియాళ్లు అమల్లోకి తెచ్చారు. అమలులో లొసుగులు చాలానే ఉన్నాయి. అయినా ఏ శిక్షణా లేని హెల్పర్ జీతం కూడా ఆ ఒక్క చట్టంతో పెరిగింది. ఆ చట్టం ప్రపంచ కప్ ముందు అంతర్జాతీయ ఒత్తిడి వల్ల వచ్చింది.

4. పని నేర్చినవాణ్ణి మన చట్టమే వదిలేస్తుంది

డిమాండ్ ఉన్న పని గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లు సాధారణంగా ఎత్తని విషయం ఇది. మన వలస చట్టం 1983 నాటిది. దాని ప్రకారం పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. అతను గల్ఫ్‌కు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అప్పుడు ఒప్పంద పత్రం చూస్తారు, జీతం కనీస రెఫరల్ వేతనానికి తగ్గిందా అని చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి చేస్తారు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే 10 లక్షల ప్రమాద బీమా అది. పదో తరగతి దాటినవాడికి, గుర్తింపు పొందిన రెండేళ్ల ఐటీఐ డిప్లొమా ఉన్నవాడికి ఈ అనుమతి అక్కర్లేదు. నర్సులను 2015లో ఈ పరిధిలోకి తెచ్చారు తప్ప మిగతావాళ్లకు ఆ తనిఖీ లేదు, ఆ బీమా తప్పనిసరి కాదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకుంటాడన్నది చట్టం అనుకోలు.

దీని పర్యవసానం తీవ్రమైనది. ఈరోజు ఖానాపూర్ నుంచి పోయే యువకుల్లో పదో తరగతి పాస్ కానివాళ్లు తక్కువ. నైపుణ్యం నేర్పి పంపాలన్న విధానం సఫలమైనకొద్దీ ఆ కొద్దిమంది కూడా ఈసీఆర్ పరిధి దాటిపోతారు. ఉన్న ఒకే ఒక్క రక్షణ కూడా పోయి, ఏ ప్రభుత్వ రికార్డులోనూ సరిగా నమోదు కాకుండా విమానం ఎక్కుతారు. ఎంతమంది పోయారు, ఏ పనికి పోయారు, ఏ జీతానికి పోయారు అన్న లెక్క లేకుండా వీళ్లకోసం విధానం ఎలా రాస్తారు? ఒక చేత్తో సర్టిఫికెట్ ఇచ్చి ఇంకో చేత్తో రక్షణ తీసేసే పద్ధతిని అభివృద్ధి అనలేం.

5. కేరళను, ఫిలిప్పీన్స్‌ను చూడండి అన్నవాళ్లకు

చూద్దాం. కేరళ వలస కార్మికుడు మనకంటే మెరుగ్గా ఉన్నాడన్నది నిజమే. కానీ కేరళ 1996లోనే ప్రవాసులకోసం నోర్కా పేరుతో ప్రత్యేక శాఖ పెట్టింది. 1998 నుంచి అక్కడ వలస మీద కుటుంబాల నమూనా సర్వేలు జరుగుతున్నాయి. ఎవరు పోయారో, ఎందరు తిరిగి వచ్చారో, ఎంత పంపుతున్నారో ఆ ప్రభుత్వానికి తెలుసు. మన ఉత్తర తెలంగాణలో 1970ల నుంచి వలస సాగుతున్నా అటువంటి లెక్క లేదు. మన రాష్ట్రానికి టామ్‌కామ్ ఉంది, జర్మనీకి నర్సులను, జపాన్‌కు కార్మికులను పంపే పని చేస్తోంది. అది మంచి పనే. కానీ ఒక ప్రభుత్వ సంస్థ పంపే కొద్దిమంది, ప్రైవేటు ఏజెంట్లు పంపే వేలమందికి ఏ మాత్రం సరి తూగరు.

ఫిలిప్పీన్స్ నర్సుల గురించి అందరూ చెబుతారు, ఫిలిప్పీన్స్ చట్టం గురించి ఎవరూ చెప్పరు. 1995లో ఆ దేశం చేసిన వలస కార్మికుల చట్టం ప్రకారం విదేశీ యజమాని జీతం ఎగ్గొడితే, అతనికి మనిషిని పంపిన స్వదేశీ ఏజెన్సీ కూడా ఆ బాకీకి ఉమ్మడిగా బాధ్యత వహించాలి. కార్మికుడు దుబాయి కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు, తన దేశంలోనే ఏజెన్సీ మీద కేసు వేసి వసూలు చేసుకోవచ్చు. మన 1983 చట్టంలోనూ ఏజెన్సీ ప్రభుత్వం దగ్గర జమానతు పెట్టాలని ఉంది. అది ఏజెన్సీ షరతులు సరిగా పాటించడానికి, అవసరమైతే కార్మికుణ్ణి స్వదేశానికి రప్పించే ఖర్చుకు. ఆగిపోయిన జీతానికి ఏజెన్సీని యజమానితో సమానంగా నిలబెట్టే నిబంధన అందులో లేదు. ఫిలిప్పీన్స్‌ను అనుకరించాలనుకుంటే కోర్సుల దగ్గర ఆగకూడదు, ఈ నిబంధన దాకా పోవాలి.

6. జాబితాలో పేరు లేని మనుషుల సంగతి

ఖానాపూర్ ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. గోండులు, నాయకపోడులు, లంబాడాలు పెద్ద సంఖ్యలో ఉన్న నేల. సదర్మట్ కాలువ కింద పొలం ఉన్న కుటుంబం కొడుకును జర్మన్ భాషకు పంపగలదేమో. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే బీ-2 స్థాయి దాకా భాష రావాలి, గుర్తింపు పూర్తయ్యే దాకా సహాయక సిబ్బందిగా తక్కువ జీతానికి చేయాలి. జపాన్ 2019లో తెచ్చిన వీసాలో మొదటి తరగతి కింద ఐదేళ్లు ఉండొచ్చు గానీ కుటుంబాన్ని తీసుకుపోవడానికి వీల్లేదు. ఈ భాషలు నేర్చుకునే నెలల్లో ఇల్లు గడవాలి కదా. పోడు పట్టా మీద బతికే కుటుంబం ఆ భూమిని అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. ఆ ఇంటి కొడుకుకు దొరికేది ఇప్పటికీ క్లీనర్ వీసా, హౌస్ డ్రైవర్ వీసా, సౌదీ ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే పని, ఏదీ కుదరకపోతే ఆజాద్ వీసా, అంటే పని చూపని యజమాని పేరు మీద కొన్న వీసా. ఆ కాగితం గడువు తీరాక అతను కల్లివెల్లి (కాగితాలు లేనివాడు) అవుతాడు, దేశం విడిచి రావడానికి ఇచ్చే ఔట్ పాస్ కోసం క్షమాభిక్ష ప్రకటన వచ్చే దాకా దాక్కుని బతుకుతాడు. ఇంటి పనివాళ్లను సౌదీ తన కార్మిక చట్టం పరిధి నుంచే మినహాయించింది.

డిమాండ్ వాదం ఈ మనిషి గురించి చెప్పేది ఒక్కటే: పని నేర్చుకోలేదు కాబట్టి అనుభవిస్తున్నాడు. ఇది అన్యాయం. మరుగుదొడ్లు కడిగే మనిషి లేకుండా దుబాయి ఒక్క రోజు నడవదు. ఆ పని ఏ కొరత జాబితాలోనూ కనిపించకపోవడానికి కారణం గిరాకీ లేకపోవడం కాదు, ఆ పనికి మనిషి ఎప్పుడూ చవకగా దొరుకుతుండటం. చవకగా దొరకడానికి కారణం మన జిల్లాల పేదరికం, దాన్ని అమ్ముకునే ఏజెంట్, చూసీ చూడనట్టు ఉండే చట్టం.

అయితే పని నేర్పొద్దా అని అడుగుతారు. తప్పకుండా నేర్పాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు, అది సాగాలి. కానీ అక్కడ నేర్చినవాడికి నిర్మల్‌లో, మంచిర్యాలలో, హైదరాబాద్‌లో కూడా బతుకు దొరికే విధంగా నేర్పాలి. బయటి జాబితా మూతపడిన రోజు ఆ పిల్లవాడి చదువు వృథా కాకూడదు. నేర్పడం అన్నది రక్షణకు బదులుగా చెల్లదు.

1983 చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2019లో, 2021లో ముసాయిదాలు రాశారు. కొత్త చట్టం ఎప్పుడు వచ్చినా అందులో మూడు ఉండాలి. కార్మికుడి జీతం బాకీకి పంపిన ఏజెన్సీ ఉమ్మడి బాధ్యత వహించాలి. పదో తరగతి, ఐటీఐ అన్న తేడా లేకుండా పనికి పోయే ప్రతి ఒక్కరికీ ఒప్పంద తనిఖీ, నమోదు, బీమా తప్పనిసరి కావాలి. సబ్ ఏజెంట్ చేసిన వసూలుకు అతణ్ణి తిప్పే ఏజెన్సీ జవాబుదారీ కావాలి. ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా రాష్ట్రం చేయగలిగినవీ ఉన్నాయి. కేరళ తరహాలో వలస సర్వే అందులో మొదటిది. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లా కేంద్రాల్లో జీతం బాకీ కేసులు నడిపే న్యాయ విభాగాలు రెండోది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, అది కార్మిక సంఘాలు ఏళ్లపాటు పోరాడి సాధించుకున్నది. బతికున్నవాడి జీతం వసూలు చేసి పెట్టే యంత్రాంగం ఇంకా లేదు.

రేపు ఖానాపూర్‌లో జరిగే జాబ్ మేళాలో ఎవరైనా వేదికెక్కి ఫలానా దేశంలో ఫలానా పనికి డిమాండ్ ఉందని చెబితే, అక్కడున్న యువకులు, వాళ్ల తల్లిదండ్రులు లేచి అడగాలి: జీతం ఆగితే కట్టేదెవరు, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెడతారా? పెట్టనన్నవాళ్ల చేతిలో పాస్‌పోర్టు పెట్టకండి.